నరమా, నాడా, సిరా? ఒంట్లో రక్తం తిరిగే దారిని మీ వేళ్లతోనే పట్టుకోవడం ఎలా

ల్యాబులో రక్తం తీసే అమ్మాయి మోచేతి మడతలో నాలుగుసార్లు తట్టి "నరం దొరకడం లేదండీ" అంటుంది. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగినవి చూపించి "నరాలు ఉబ్బాయిరా" అంటుంది పెద్దమ్మ. పొద్దున్నే మెడ పట్టేసిన బాబాయి "నరం మీద నరం ఎక్కింది" అంటాడు. ముగ్గురూ వాడింది ఒకటే మాట. మొదటి ఇద్దరూ చెప్తున్నది సిరల గురించి, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే గొట్టాల గురించి. బాబాయిది నరమూ కాదు, సిరా కాదు, కండరం పట్టేయడం. పాతకాలం వైద్యుడు ముంజేయి పట్టుకుని చూసిన "నాడి" ఏమో ధమని, గుండె నుంచి రక్తం మోసుకెళ్లే గొట్టం. బళ్లో "నాడీ వ్యవస్థ" అని చదువుకున్నదేమో మెదడు, వెన్నుపాము, వాటి తీగలు. పేర్లే ఇంత కలగాపులగమయ్యాక, రక్తప్రసరణ పాఠం ఎంత బట్టీపట్టినా ఒంట్లో ఏది ఎక్కడుందో తెలియకపోవడంలో వింతేముంది?

అందుకే బొమ్మతో మొదలుపెట్టకండి. సగం ఎరుపు, సగం నీలం పూసిన ఆ గుండె బొమ్మ మార్కులకు పనికొస్తుంది. మనం వేళ్లతో మొదలుపెడదాం. ఒక ఆదివారం మధ్యాహ్నం గంటన్నర చాలు. సెకన్లు చూపించే గడియారం, ఒక అగ్గిపుల్ల, గోళీకాయంత చపాతీ పిండి, కాస్త మందపాటి కాగితం ఒకటి, ఒక చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. బీపీ మిషను ఇంట్లో ఉంటే అదీ తీయండి. ఇంకో మనిషి తోడుంటే సగం పని తేలిక. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా చేయించుకున్నవాళ్లు ఆ చేతితో, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన సమస్య ఉన్నవాళ్లు ఆ కాలితో మాత్రం ఇవేవీ చేయొద్దు.

గుర్తుంచుకోవాల్సింది ఒక్క ముక్క: వేలి కింద కొట్టుకుంటే ధమని, ఉబ్బితే సిర, తగిలితే జివ్వుమంటే నరం. మూడోది మీకు ముందే తెలుసు. మోచేయి తలుపుకు తగిలి చిటికెనవేలి దాకా కరెంటు పాకినట్టయ్యేది ఆ నరం వల్లే. మిగతా రెండూ ఇప్పుడు వెతుకుదాం.

1. మణికట్టు దగ్గర నాడి పట్టండి

ఎడమ అరచెయ్యి పైకి తిప్పి ఒళ్లో పెట్టుకోండి. కుడిచేతి వేళ్లతో బొటనవేలి మొదలు నుంచి ముంజేతి మీదికి జారితే ఒక ఎముక అంచు తగులుతుంది. ఆ ఎముకకూ, మణికట్టు మధ్యలో తాళ్లలా బిగుసుకుని కనిపించేవాటికీ నడుమ చిన్న పల్లం ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు కొసలు ఆ పల్లంలో ఆనించి, మెల్లగా ఒత్తిడి పెంచండి. మరీ తేలిగ్గా పెడితే తెలియదు, మరీ నొక్కితే ధమని మూసుకుపోయి కొట్టుకోవడమే ఆగిపోతుంది. రెండింటి మధ్యా ఒకచోట "టక్, టక్" అని వేలిని పైకి తోస్తుంది. బొటనవేలితో మాత్రం చూడకండి. బొటనవేలికి సొంత నాడి గట్టిగానే ఉంటుంది, ఎవరిది లెక్కపెడుతున్నారో మీకే తెలియదు.

దొరికాక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే అలవాటు చాలామందికి ఉంది. ఒక్క దెబ్బ తప్పితే నిమిషం లెక్కలో నాలుగు తేడా వస్తుంది, పైగా లయ తప్పితే తెలియదు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక పెద్దవాళ్లలో 60 నుంచి 100 మధ్య ఉండటం మామూలు. రోజూ పరుగెత్తేవాళ్లకు 50 ప్రాంతంలో ఉన్నా కంగారు లేదు. బీపీకి వేసుకునే కొన్ని మాత్రలు కూడా నాడిని నెమ్మదింపజేస్తాయి. ఏడాది లోపు బిడ్డకైతే సాధారణంగా నిమిషానికి 100 దాటే ఉంటుంది.

అంకె కన్నా లయ ముఖ్యం అంటాను నేను. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది అయితే అది పిల్లల్లో, కుర్రవాళ్లలో సహజమే. అలా కాక ఏ పద్ధతీ లేకుండా ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా, మధ్యలో ఒకటి ఎగిరిపోయినట్టుగా పెద్దవయసువాళ్లలో తగిలితే ఈసీజీ తీయించండి. గుండె పైగదులు లయ తప్పి అదురుతుంటే లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. దాన్ని ముందుగా పట్టించేది ఈ రెండు వేళ్లే కావచ్చు.

ఇప్పుడు అగ్గిపుల్ల. పిండి ముద్దను కాస్త చదును చేసి సరిగ్గా నాడి మీద అంటించి, అందులో అగ్గిపుల్లను నిలువుగా గుచ్చండి. చెయ్యి బల్ల మీద కదలకుండా పెట్టి పుల్ల తల వైపు చూడండి. ఎవరో కింద నుంచి గోటితో మీటుతున్నట్టు అది ఒక పక్కకు ఒరిగి లేస్తుంది, ఒరిగి లేస్తుంది. మా ఇంట్లో దీన్ని చూసిన చిన్నాడు మొదట అడిగింది "నాన్నా, పడుకున్నప్పుడు కూడా ఆగదా?" అని. ఆగదు. నిమిషానికి 72 చొప్పున వేసుకున్నా రోజుకు లక్ష దాటుతుంది.

పుల్లను కదిపింది రక్తం పారుతున్న వేగం కాదు, ధమని గోడలో వచ్చిన అల. గుండె ఒక్కసారి నొక్కగానే సాగే గుణమున్న ఆ గోడ ఉబ్బి, ఆ ఉబ్బు సెకనుకు అయిదారు మీటర్లకు పైగా వేగంతో చివరిదాకా పాకుతుంది. రక్తం మాత్రం పెద్ద ధమనిలో కూడా సగటున సెకనుకు అడుగైనా కదలదు. రేషన్ షాపు వరుసలో వెనకనుంచి ఎవరో తోస్తే ఆ తోపు ముందున్నవాడికి వెంటనే తగులుతుంది, కానీ వరుస జరిగేది ఒక్క అడుగే. అలాంటిదే ఇది.

2. గుండె అసలు చోటు వెతకండి

"గుండె ఎడమ వైపు ఉంటుంది" అని అందరూ అరచెయ్యి తీసుకెళ్లి చంక దగ్గర పెడతారు. గుండె ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక వెనక ఉంటుంది. దాని కింది కొస మాత్రం ఎడమకు తిరిగి ఉంటుంది. ఆ కొస తగిలే చోటు మగవాళ్లలో, పిల్లల్లో దాదాపు ఎడమ చనుమొన కింద, అయిదో, ఆరో పక్కటెముకల సందులో ఉంటుంది. కొంచెం ముందుకు వంగి, ఊపిరి వదిలేసి, అక్కడ అరచెయ్యి ఆనిస్తే లోపలనుంచి తట్టినట్టు తెలుస్తుంది. లావుగా ఉన్నవాళ్లకు తెలియకపోవచ్చు, తప్పేమీ లేదు.

పరిమాణం చూడాలంటే పిడికిలి బిగించండి. ఎవరి గుండె వాళ్ల పిడికిలంత. బరువు పెద్దవాళ్లలో సుమారు 300 గ్రాములు.

కాగితాన్ని అంగుళం వెడల్పు, పది అంగుళాల పొడవున్న గొట్టంలా చుట్టండి. ఒక కొన తోడున్న మనిషి ఛాతీ మీద, ఇంకో కొన మీ చెవికి. 1816లో పారిస్‌లో లేనెక్ అనే వైద్యుడు చేసింది అచ్చంగా ఇదే. ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితం చుట్టాడు. చెవి పెట్టి వినేదాని కన్నా స్పష్టంగా వినిపించేసరికి స్టెతస్కోపు పుట్టింది. ఫ్యాను ఆపి వినండి. "లబ్... డబ్", చిన్న విరామం, మళ్లీ "లబ్... డబ్". ఆ శబ్దాలు తలుపులు పడ్డ చప్పుళ్లు. గుండె పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. జఠరికలు నొక్కుకోగానే వాటికీ కర్ణికలకూ మధ్యనున్న రెండు కవాటాలు టప్పున మూసుకుంటాయి, అదే లబ్. రక్తం బయటికి పోయాక పెద్ద ధమనుల మొదట్లో ఉన్న రెండు కవాటాలు మూసుకుంటాయి, అది డబ్. కవాటాలన్నీ ఒకవైపే తెరుచుకుంటాయి కాబట్టి దారి కూడా ఒక్కటే.

ఆ దారిలో ఒక్క చుట్టు నడుద్దాం. కాలి బొటనవేలి నుంచి ఆక్సిజన్ ఇచ్చేసి, ముదురెరుపు రంగులో తిరుగుముఖం పట్టిన రక్తపు చుక్కను పట్టుకోండి. కాలి సిర, పొట్టలోని మహాసిర దాటి కుడి కర్ణికకు వస్తుంది. కింద కుడి జఠరికలోకి దిగుతుంది. అక్కడి నుంచి పుపుస ధమని గుండా ఊపిరితిత్తులకు పోయి, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వదిలి, ఆక్సిజన్ నింపుకుని, నిగనిగలాడే ఎరుపుతో పుపుస సిరల్లో వెనక్కి వచ్చి ఎడమ కర్ణికలో పడుతుంది. ఎడమ జఠరికలోకి దిగుతుంది. అది బలమంతా పెట్టి బృహద్ధమని అనే అన్నిటికన్నా పెద్ద ధమనిలోకి తోస్తుంది. అక్కడి నుంచి ఒళ్లంతా. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ మొత్తం చుట్టుకు నిమిషం అటూఇటూ పడుతుంది.

పిల్లలు ఇక్కడే ఒకచోట తప్పు చేస్తారు. "ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం" అని నేర్పితే పుపుస ధమని దగ్గర బోల్తా పడతారు, ఎందుకంటే అందులో పోయేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. గుండె నుంచి బయటికి పోయేది ధమని, గుండెకు తిరిగొచ్చేది సిర, అంతే. రంగుతో పని లేదు. అసలు చెడు రక్తం అనే మాటే మానేస్తే మంచిది. నీలి రక్తం కూడా లేదు, సిరలో ఉన్నదీ ఎరుపే. చర్మం గుండా వెలుతురు పోయి వచ్చేటప్పుడు మన కంటికి నీలంగా తోస్తుంది.

కుడి జఠరిక పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. ఎడమది నెత్తి నుంచి అరికాలి దాకా తోయాలి. అందుకే ఎడమ గోడ కుడి గోడ కన్నా దాదాపు మూడింతల మందం. మాంసం కొట్టులో మేక గుండె తెచ్చి నిలువుగా కోయించి చూడండి, పాఠ్యపుస్తకం పది పేజీల్లో చెప్పేది ఒక్క కోతలో కనిపిస్తుంది.

ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు. నిమిషానికి అయిదు లీటర్లు. రోజుకు ఏడు వేల లీటర్ల పైన. మన వీధుల్లోకి వచ్చే 5000 లీటర్ల నీళ్ల ట్యాంకరు ఒకటిన్నర అన్నమాట! ఇంత రక్తం తన గదుల్లోంచే పోతున్నా గుండె కండరం అందులోంచి తాగలేదు. పెళ్లిలో వడ్డించేవాళ్లకూ విడిగా విస్తరి వేయాలి కదా. బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు హృదయ ధమనులు ఆ విస్తరి. స్టెంటు వేసేది వాటిలోనే. ఎడమ జఠరిక గోడకు రక్తం ఎక్కువగా అందేది గుండె నొక్కుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు. నాడి విపరీతంగా పరుగెత్తితే ఆ సడలే సమయమే తగ్గిపోతుంది.

3. మెడ దగ్గర ఒకటి, చీలమండ దగ్గర ఒకటి

గొంతు బుడిపె పక్కకు రెండు వేళ్లు జారిస్తే మెత్తటి గాడిలో మెడ ధమని బలంగా కొట్టుకుంటుంది. ఒక్క వైపే, తేలిగ్గా పట్టుకోండి. రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు. మెదడుకు రక్తం తగ్గడమే కాదు, అక్కడ నొక్కితే నాడి పడిపోయి కళ్లు తిరగవచ్చు. పెద్దవయసువాళ్లు దీన్ని వదిలేసి మణికట్టుతో సరిపెట్టుకోండి.

రెండో చేత్తో కాలి లోపలి వైపు చీలమండ ఎముక వెనక వెతకండి. దొరకడానికి ఓపిక కావాలి. పాదం పైన, బొటనవేలికీ రెండోవేలికీ మధ్య సందు నుంచి పైకి వస్తే ఇంకోటి ఉంటుంది. కొందరికి అది పుట్టుకతోనే సరిగా తగలదు. మెడా, కాలూ రెండూ ఒకేసారి పట్టుకుని కళ్లు మూసుకోండి. మెడ ముందు, కాలు ఒక పిసరు వెనక. సెకనులో పదో వంతు అటూఇటూ తేడా. ఇందాకటి అల నడిచి వెళ్లిన దూరం అది.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల ఇంట్లో ఈ కాలి నాడి చూసే అలవాటు మంచిది. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గి, మళ్లీ నడిస్తే పట్టేస్తుంటే, పాదం చల్లగా ఉండి నాడి అందకపోతే అది వయసు నొప్పి అని తీసిపారేయకండి.

4. సిరలను పట్టి, వాటి తలుపులు లెక్కపెట్టండి

ఒక చెయ్యి కిందికి వేలాడదీసి, ఇంకోటి నెత్తికి పైన ఎత్తి ఒక నిమిషం ఉంచండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వేలాడిన చేతి మీద సిరలు తాళ్లలా ఉబ్బి ఉంటాయి, ఎత్తిన చేతి మీద మాయమై ఉంటాయి. ధమనిలోలా తోపు లేదు, పల్లం వైపు నిలబడిపోవడమే. ఒంట్లోని రక్తంలో మూడింట రెండు వంతుల దాకా ఏ క్షణాన చూసినా సిరల్లోనే ఉంటుంది.

ఇప్పుడు 1628 నాటి ప్రయోగం చేద్దాం. మోచేతికి పైన చేతిరుమాలు కట్టండి, గాజు బిగువు కన్నా కొంచెం ఎక్కువగా. కట్టాక మణికట్టు నాడి చూడండి, అది కొట్టుకుంటూనే ఉండాలి. లేకపోతే వదులు చేయండి. నాడి ఉందంటే లోతుగా ఉన్న ధమని తెరిచే ఉంది, పైనున్న సిర మాత్రం మూసుకుంది. అంటే చేతిలోకి రక్తం వస్తోంది, పోవడం లేదు. పిడికిలి నాలుగుసార్లు బిగించి వదిలితే ముంజేతి మీద సిర నిండుగా లేస్తుంది. దాని వెంట అక్కడక్కడా చెరుకు కణుపుల్లా బుడిపెలు కనిపిస్తాయి. అవే కవాటాలు.

రెండు కణుపుల మధ్య నేరుగా పోయే ముక్క ఒకటి ఎంచుకోండి. మణికట్టు వైపున్న కొనను ఒక వేలితో నొక్కి పట్టండి. ఆ వేలు తీయకుండా రెండో వేలితో సిరను మోచేతి వైపు తుడిచినట్టు రుద్దుతూ పై కణుపు దాటించి, రెండో వేలు తీసేయండి. మధ్య ముక్క ఖాళీగా, చదునుగా ఉండిపోతుంది. పైన నిండా రక్తం ఉంది, అయినా కణుపు దాటి ఒక్క చుక్క వెనక్కి రాదు. ఇప్పుడు కింది వేలు ఎత్తండి. కింద నుంచి బుసుక్కున నిండుతుంది. ఆ నిండటం కళ్లారా చూడటానికే ఇంత హంగామా. రెండు నిమిషాలు దాటకుండా రుమాలు విప్పేయండి.

ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే ఈ బొమ్మనే తన గ్రంథంలో అచ్చువేశాడు. అంతకు ముందు పద్నాలుగు వందల ఏళ్లు ఐరోపా నమ్మింది ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ మాట: కాలేయం రక్తం తయారుచేస్తుంది, ఒళ్లు దాన్ని వాడేసుకుంటుంది, పొలానికి పెట్టిన నీళ్లు ఇంకిపోయినట్టు. హార్వే కూడికలు వేశాడు. మన అంకెలతో చూద్దాం: 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72, అరగంట. నూట యాభై లీటర్లు! అరవై కిలోల మనిషి అరగంటలో నూట యాభై లీటర్ల రక్తం ఎక్కడ నుంచి తెస్తాడు? ఉన్నదే తిరుగుతుండాలి. ఊపిరితిత్తుల గుండా తిరిగే చుట్టును మాత్రం 13వ శతాబ్దంలోనే డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్న్ అల్ నఫీస్ రాసిపెట్టాడు.

హార్వేకు అందని ముక్క ఒకటుంది. ధమని చివర నుంచి సిర మొదటికి రక్తం ఎలా దాటుతుంది? ఆయన 1657లో చనిపోయాడు. 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీగీ కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆ దారి చూశాడు.

5. గోరు నొక్కండి

ఆ దారే కేశనాళికలు. కేశమంటే వెంట్రుక గానీ, ఇవి వెంట్రుకలో సుమారు పదో వంతు లావే ఉంటాయి. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి, కొన్నిచోట్ల మడతపడి దూరాల్సిందే. గోడ ఒకే ఒక్క కణం మందం. రక్తం ఇక్కడ సెకనుకు ఒక మిల్లీమీటరు వేగానికి పడిపోతుంది. ఆక్సిజన్, చక్కెర దిగి, చెత్త ఎక్కేది ఇక్కడే. గుండె, ధమనులు, సిరలు అన్నీ ఈ ఒక్క మిల్లీమీటరు బేరం కోసమే.

చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, చూపుడువేలి గోరును అయిదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చలికి చేతులు బిగుసుకుని ఉంటే ఆలస్యమవుతుంది, అప్పుడు లెక్కలోకి రాదు. వాంతులు, విరేచనాలతో వాడిపోయిన పసిపిల్లల్లో వైద్యులు చూసేవాటిలో ఇదీ ఒకటి.

6. పిక్క రెండో గుండె

చెప్పుల్లేకుండా, కదలకుండా రెండు నిమిషాలు నిలబడి పాదాల పైభాగం చూసుకోండి, సిరలు నిండుతాయి. ఇప్పుడు పదిసార్లు మునివేళ్ల మీద లేచి దిగి మళ్లీ చూడండి, తగ్గుతాయి. పిక్క కండరం బిగుసుకున్నప్పుడల్లా లోపలి సిరను పిండుతుంది, కవాటాలు వెనక్కి రానివ్వవు, రక్తం మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. బళ్లో ప్రార్థన దగ్గర ఎండలో బిర్రబిగుసుకుని నిలబడి కళ్లు తిరిగి పడే పిల్లలు గుర్తున్నారా? కాళ్లలో రక్తం నిలిచిపోయి మెదడుకు చాలక జరిగేదది. పడ్డవాణ్ణి లేపి కూర్చోబెట్టకుండా వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపట్టాలి.

కౌంటరు దగ్గరా, పొయ్యి దగ్గరా, నల్లబల్ల దగ్గరా ఏళ్ల తరబడి నిలబడేవాళ్లకు కవాటాలు వదులై పెద్దమ్మకు వచ్చినట్టు మెలికల సిరలు వస్తాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు చెప్పండి: విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించుతుండాలి. ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె రాసి మర్దన చేయకండి. లోపల గడ్డకట్టిన రక్తం కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. నేరుగా ఆస్పత్రికే.

7. ఇక బీపీ, సరిగ్గా చూడటం

మా అమ్మను ఆమధ్య ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాను. రెండంతస్తులు మెట్లెక్కి, కూర్చుని నిమిషమైనా కాకముందే, బిగుతు రవికె చేతిని పైకి మడిచి దాని పక్కనే పట్టీ చుట్టారు. కాళ్లు నేలకు అందని ఎత్తు స్టూలు. మిషను గాలి కొడుతుండగానే "ఏం తిన్నావమ్మా పొద్దున?" అని ప్రశ్న. అమ్మ ఉప్మా వివరాలు మొదలుపెట్టింది. 168, కింద 96. మాత్ర పెంచాలన్నారు. ఇంటికొచ్చి వారం రోజులు పద్ధతిగా చూసి పుస్తకంలో రాస్తే పైది ఒక్కసారి కూడా 140 దాటలేదు. ఆ పుస్తకం చూశాక మాత్ర పెంచే ఆలోచన వాళ్లే విరమించుకున్నారు.

పద్ధతి ఇది. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్టు వద్దు. ఒంటికి పోసుకొచ్చి కూర్చోండి, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. వీపు ఆనే కుర్చీ, పాదాలు నేల మీద, కాలు మీద కాలు వద్దు, బాసింపట్టూ వద్దు. అయిదు నిమిషాలు మౌనం. పట్టీ బట్ట మీద కాదు, ఒంటి మీద, మోచేతి మడతకు అంగుళం పైన, గొట్టం చేతి లోపలి వైపు వచ్చేలా చుట్టాలి. కిందనుంచి ఒక వేలు దూరేంత బిగువు చాలు. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే అంకె ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ గుండెకు పది సెంటీమీటర్లు కిందికి దిగితే దాదాపు 8 అంకెలు ఊరికే పెరుగుతాయి. నమ్మకం లేకపోతే చెయ్యి వేలాడదీసి ఒకసారి, బల్ల మీద పెట్టి ఒకసారి చూడండి.

గాలి ఎక్కేటప్పుడు పట్టీ ధమనిని పూర్తిగా మూసేస్తుంది. వదులవుతుండగా గుండె నొక్కు మొదటిసారి ఆ అడ్డు దాటి రక్తాన్ని తోసే చోటు పై అంకె. ధమని ఏ అడ్డూ లేకుండా తెరుచుకునే చోటు కింది అంకె, అంటే గుండె సడలినప్పుడు కూడా గొట్టాల్లో మిగిలి ఉండే ఒత్తిడి. పట్టీని 1896లో ఇటలీలో రివా రోచ్చి తెచ్చాడు. ఆ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుళ్లు వినడం 1905లో రష్యా సర్జన్ కొరొట్కోవ్ నేర్పాడు. ఇంట్లో మిషను వినదు, పట్టీలో గాలి అదురును బట్టి లెక్క కడుతుంది. అందుకే మాట్లాడినా, చెయ్యి కదిపినా తికమకపడుతుంది.

120 అంటే 120 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టగల ఒత్తిడి. నీళ్లలో చెప్పాలంటే 163 సెంటీమీటర్లు, ఒక మనిషి ఎత్తు. స్టీఫెన్ హేల్స్ అనే మతగురువు ఒక ఆడగుర్రం ధమనికి గాజుగొట్టం బిగిస్తే రక్తం 8 అడుగుల 3 అంగుళాలు ఎక్కిందని 1733లో ప్రచురించాడు. పాపం గుర్రం! మనకు ఇప్పుడు పట్టీతో పోతోంది.

పొద్దున మాత్రకు ముందు ఒకసారి, రాత్రి ఒకసారి కూర్చోండి. ప్రతిసారీ నిమిషం ఎడంతో రెండేసి అంకెలు, వారం రోజులు రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటికి సగటు తీయండి. ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా అంతకు మించితే ఎక్కువ కిందే లెక్క. అంకె బాగుందని మాత్ర మానేయకండి, అది బాగుండటానికి కారణం ఆ మాత్రే కావచ్చు. మంచం దిగగానే తూలే పెద్దవాళ్లకు కూర్చుని ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల లోపు ఒకసారి చూడండి. పైది 20 గానీ, కిందిది 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోవడం ఏది ఉన్నా మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. ఆ లక్షణాలు ఉంటే అంకె మామూలుగా ఉన్నా ఫోన్ చేయాల్సిందే.

8. ఈసారి ల్యాబుకు వెళ్లినప్పుడు

పరగడుపున రమ్మన్నారని నీళ్లు కూడా మానేసి వెళ్తారు చాలామంది. వద్దని ప్రత్యేకంగా చెప్తే తప్ప మంచినీళ్లు తాగొచ్చు, తాగితే సిరలు నిండుగా ఉంటాయి. చలికాలమైతే చేతులు రెండూ రుద్దుకుని వెచ్చచేసుకోండి. వరుసలో కూర్చున్నంతసేపూ చెయ్యి ఒళ్లో కాకుండా కిందికి వేలాడదీయండి. మోచేతి మడతలో వేలు పెట్టి చూసుకుంటే కొట్టుకునేది ఒకటి, మెత్తటి రబ్బరు గొట్టంలా నొక్కితే అణిగి వదిలితే లేచేది ఒకటి తగులుతాయి. సూది వెళ్లాల్సింది రెండోదాంట్లోకి. "ఇక్కడ బాగుంటుందమ్మా" అని చూపించండి. సిర అని మాత్రం అనకండి, ఆ అమ్మాయి సిరా సీసా కోసం వెతుకుతుంది. నరం అనే అనండి.